తొమ్మిది పాయింట్ తొమ్మిది

ఫిబ్రవరి 12

కొత్త గాజు జాడీ ఎట్టకేలకు వచ్చింది. పాతదానికి అడుగున బీట పడి నెల దాటింది. అర్జీలు రాసి రాసి నా చెయ్యి పడిపోయింది. రెండు జాడీలనూ పక్కపక్కన నిలబెట్టి, పాతదాని మీద ఐదు లీటర్ల గుర్తు ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో కొత్తదానికి తెల్లపట్టీ వేయించాను. రెండు నిమిషాల పని. మా అటెండరు, అదే, పిల్లలు సీసాలాయన అని పిలిచే మనిషి, నీళ్లు కొలిచి పోసి చూద్దామని కూర్చోబోయాడు. ఆయన కొలవడం మొదలుపెడితే ఇక ఆ రోజుకి అంతే.

పదో తరగతి ప్రాక్టికల్‌కు ఎనిమిది రోజులుంది. ముప్పై రెండు మంది పిల్లలు. పై ల్యాబ్‌లో ఉన్నవి పదహారు బల్లలు, ఎక్కువ మార్కులొచ్చిన పదహారు మందికే అవి. ఇప్పటినుంచే తల్లిదండ్రులు గేటు దగ్గర నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టారు.

ఫిబ్రవరి 18

ఆమ్లం తయారైంది. ముప్పై ఒకటిన్నర గ్రాములు తూచి, జాడీలో వేసి, పట్టీ దాకా నీళ్లు. ఇరవై రెండేళ్లుగా ఇదే లెక్క. ఇదివరకు తయారుచేశాక నేను ఒకసారి చేసి చూసుకునేదాన్ని. ఎప్పుడు చూసినా 9.9 వచ్చేది. ఇక చూడటం దేనికి? పిల్లలు నన్ను చాటుగా 'తొమ్మిదీ తొమ్మిది మేడం' అంటారని నాకు తెలుసు. తెలియనట్టే ఉంటాను కానీ, ఆ పేరు నాకిష్టమే.

తొమ్మిదో తరగతి ల్యాబ్‌ను పిల్లలు 'చూసే ల్యాబ్' అంటారు. పదోది 'కొలిచే ల్యాబ్'. ఆ పైది 'కనిపెట్టే ల్యాబ్'. అందులో పేరులేని పొడి ఒకటి చేతికిచ్చి అదేమిటో తేల్చమంటాం. కొలిచే ల్యాబ్‌లో తప్పితే పై తలుపు మూసుకుపోయినట్టే, రెండో అవకాశం లేదు. పదో తరగతిలో నత్త అనే పిల్ల మాత్రం ఇప్పుడే ఆ ల్యాబ్ కిటికీకి ముక్కు ఆనించి నిలబడుతోంది. ఇవాళ కూడా తోలాను. నత్త అని పేరు పెట్టింది నేను కాదు, దాని క్లాసువాళ్లే. ఇరవై నిమిషాల పనికి రెండు పీరియడ్లు తీసుకుంటుంది.

ఫిబ్రవరి 20

పరీక్ష అయింది. కాళ్లు పీకేస్తున్నాయి.

ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఫ్లాస్కులో పది మిల్లీలీటర్ల ఆమ్లం తీసుకోండి, పైనున్న బ్యూరెట్ గొట్టంలోంచి క్షారాన్ని చుక్కచుక్కగా వదలండి, లేత గులాబీ రంగు వచ్చి నిలవగానే ఆపండి, ఎంత ఖర్చయిందో చూసి రాయండి, మూడుసార్లు చేయండి అని గొంతు చించుకుంటాను. అయినా సింకు దగ్గర ఫ్లాస్కులన్నీ ముదురు గులాబీ! రంగు చుక్కలు ఎక్కువ పోసి ఉంటాడని సీసాలాయన మీద అరిచాను. "ఎప్పుడూ పోసినన్నే పోశానమ్మా" అని గొణిగాడు. నత్త ఫ్లాస్కు ఒక్కటే లేత రంగులో ఉంది. అందరూ వెళ్లిపోయాక, గంట కొట్టాక ఇచ్చింది కాగితం.

ఫిబ్రవరి 21

దిద్దేశాను. ముప్పై ఒక్క కాగితాల్లో 9.8, 9.9, 9.9. మొదటిది కాస్త తేడాగా, తర్వాతి రెండూ ఒక్కటిగా. సంతోషం.

నత్త కాగితంలో 9.0, 9.0, 9.0.

పది శాతం తేడా. అదీ మూడుసార్లూ పొల్లు పోకుండా ఒకే అంకె. చెయ్యి అన్నాక ఒక్కసారైనా తడబడదా? కూర్చుని అల్లిందని నాకు అక్కడే అర్థమైంది. అల్లేదేదో పక్కవాళ్ల రికార్డు చూసి అల్లినా పోయేది. పిలిచి అడిగాను.

"ఇదేంటే ఇది?"

"చూసిందే రాశాను మేడం."

"మిగతావాళ్లంతా గుడ్డివాళ్లా మరి?"

"బ్యూరెట్‌ను మీరొకసారి చూస్తారా మేడం?" అంది. ఆడలేక మద్దెల ఓడు! నాకు ఒళ్లు మండిపోయింది. రికార్డు పుస్తకంలో ఎర్ర సిరాతో 'అంకెలు అల్లి రాసినవి' అని రాసి సంతకం పెట్టాను. ముప్పైకి ఆరు మార్కులు. పై ల్యాబ్ జాబితా ఈ నెల్లోనే పోవాలి, మార్చి 20కి వాయిదా వేశారట. ఎప్పుడు పోయినా అందులో నత్త ఉండదు.

ఫిబ్రవరి 24

నత్త వాళ్ల నాన్న వచ్చాడు. ఇళ్లకు రంగులు వేసే మనిషి. గోళ్ల చుట్టూ తెల్లరంగు. కూర్చోమంటే బల్లకు మరకంటుతుందని కూర్చోలేదు. మార్కుల కోసం వచ్చాడనుకుని నేను ముందే గొంతు పెంచాను.

"మార్కులు అడగడానికి రాలేదు మేడం. తప్పితే తప్పింది. పుస్తకంలో రాశారు చూడండి, ఆ ఒక్క మాట కొట్టేస్తారేమో అని."

"రాసింది రాసినట్టే ఉంటుందండీ."

"మా పిల్ల మందకొడి అంటే ఒప్పుకుంటా. పాలు పొంగేలోపు పొయ్యి కట్టమంటే పాలన్నీ పొంగిపోయాక కడుతుంది. కానీ అబద్ధం ఆడటం దానికి రాదు మేడం. దానికి అంత స్పీడు లేదు."

నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆయన నవ్వలేదు. ఆ పుస్తకం సంచిలోంచి తీసి నా ముందు పెట్టి, మళ్లీ తీసుకుని, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

నేను చేసింది సరైనదే.

ఫిబ్రవరి 25

సరైనదే. తప్పు చేసిన పిల్లకు తప్పు అని చెప్పకపోతే టీచరెందుకు?

ఫిబ్రవరి 27

క్లాసులో చెప్పిందే రెండుసార్లు చెప్పానట. ఫస్టు ర్యాంకు కుర్రాడు లేచి మరీ గుర్తుచేశాడు. వాడికి ఆ మర్యాద ఎవరు నేర్పారో!

ఇంటికొచ్చి కుళాయి కట్టానో లేదో చూడటానికి మూడుసార్లు లేచాను. "కాలు కాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు?" అంది అమ్మ. ఏమీ లేదన్నాను. నిజంగా ఏమీ లేదు. ఆ పిల్ల నన్ను చూసి తల దించుకునైనా పోవడం లేదు, మామూలుగా 'గుడ్ మార్నింగ్ మేడం' అంటోంది. అదే చిరాకు.

మార్చి 1

అమ్మకు చెప్పేశాను. నలభై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన మనిషి, ఇప్పుడు కళ్లు ఆనక మానేసింది కానీ నోరు మానలేదు. బఠాణీలు ఒలుస్తూ విన్నది.

"మూడుసార్లూ ఒకటే వచ్చిందా?"

"అదేగా నేననేది. అల్లింది కాబట్టే ఒకటే వచ్చింది."

"పిచ్చిమొహమా. ఒక్క జాకెట్టు పొట్టైతే కత్తెర తప్పు. వచ్చినవన్నీ ఒక్కలాగే పొట్టైతే టేపు తప్పు. బట్ట టేపు లాగీ లాగీ సాగుతుంది, కుట్టేవాడికి తెలీదు. నేను ఏడాదికోసారి మార్చేదాన్ని. నీ టేపు చూసుకున్నావా?"

"మా దాంట్లో టేపులుండవమ్మా."

"ఏదో ఒకటి ఉంటుందిలే" అని బఠాణీల గిన్నె నా మీదికి తోసింది.

జాకెట్లకీ కెమిస్ట్రీకీ ముడిపెడుతుంది ఈవిడ.

మార్చి 2

ఇవాళ చూద్దామనుకున్నాను. కుదరలేదు. మీటింగు.

మార్చి 3

ఇవాళా కుదరలేదు. మీటింగు ఏమీ లేదు.

మార్చి 4

చివరి పీరియడ్ ఖాళీ. ల్యాబ్ తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాను. జాడీలో మిగిలిన ఆమ్లమే తీసుకున్నాను. బ్యూరెట్ కడిగి, నింపి, సున్నా దగ్గర నిలిపాను. ఎనిమిదిన్నర దాకా ధారగా వదిలాను, అలవాటు కొద్దీ. ఆ తర్వాత చుక్కచుక్క. తొమ్మిది దగ్గర ఫ్లాస్కు రంగు మారింది. ఊపాను. పోలేదు. ఇంకా ఊపాను. లేత గులాబీ అలాగే నిలిచి ఉంది.

తొమ్మిది.

బ్యూరెట్ మార్చాను, ఆమ్లం కొలిచి తీసే పిపెట్ మార్చాను. తొమ్మిది. కిటికీ దగ్గరి బల్ల మీదికి మార్చి చేశాను, అక్కడైతే ఏదో మారుతుందన్నట్టు! మళ్లీ తొమ్మిది.

కుర్చీలో కూర్చుండిపోయాను. ఆ పిల్ల చూసిందే రాసింది. ముప్పై రెండు మందిలో చూసి రాసింది అదొక్కతే. మిగతా ముప్పై ఒక్కమందీ అన్నల రికార్డుల్లో, అక్కల రికార్డుల్లో ఉన్న నా 9.9 ఎత్తి రాశారు. గులాబీ రంగు వచ్చాక కూడా 9.9 దాకా వదులుతూ పోయారు, అందుకే ఆ ముదురు రంగు. అందరికీ నేను టిక్కులు పెట్టాను, అల్లావని ఎర్ర సిరాతో రాసింది మాత్రం దాని పుస్తకంలో.

ఈసారి మారింది ఒక్క జాడీయే. అందులో కొలసీసాతో ఐదు లీటర్ల నీళ్లు పోసి చూడాలి. ఆమ్లం వేరే సీసాల్లోకి వంపాలి ముందు. రేపు.

మార్చి 5

పోసి చూశాను. సరిగ్గా ఐదు లీటర్లు. నీళ్లు పట్టీకి రెండు వేళ్ల కింద ఆగిపోయాయి. పట్టీ దాకా నిండాలంటే ఇంకో అరలీటరు పట్టింది. కొత్త జాడీ పాతదానికన్నా ఓ పిసరు లావు. కంటికి తెలియనంత.

ఐదు లీటర్లకు వేయాల్సిన ఆమ్లం ఐదున్నర లీటర్లలో వేశాను. అంతే సంగతి.

సీసాలాయన్ను పిలిచి కడిగేశాను. "పట్టీ అంటించేముందు కొలవాలని తెలీదా? ఇన్నేళ్లు పనిచేసి ఏం లాభం? ఒక పిల్ల బతుకు!" ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"కొలుద్దామంటే మీరే కదమ్మా వద్దన్నారు."

"నేనెందుకు వద్దంటాను?"

"సరేలెండి. నేనే అంటించాను, తప్పు నాదే అని రాసి హెడ్మాస్టరుగారికి ఇమ్మంటారా? నాకు ఇంకో ఏడాదే సర్వీసు. నన్నేం చేస్తారు?"

నేను వద్దనలేదు, ఇమ్మనలేదు. ఆలోచిస్తానన్నాను.

మార్చి 6

ఫిబ్రవరి 12 పేజీ తిరగేశాను. నా రాతే. 'వేయించాను' అట. 'రెండు నిమిషాల పని' అట. దస్తూరీ కూడా ఎంత ధీమాగా ఉందో.

నా మొహం నేనే చూసుకోలేకపోతున్నాను.

మార్చి 7

అటెండరుకు క్షమాపణ చెప్పాను. "పర్వాలేదులెండమ్మా, టీ తాగారా?" అన్నాడు.

ఇక మిగిలింది ఆ పిల్ల సంగతి. జాబితాకు పదమూడు రోజులుంది. హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి నా ఆమ్లం తప్పు అంటే మొత్తం పరీక్షే రద్దు. పైగా ముప్పై ఒక్కమందీ కాపీ కొట్టారని స్కూలంతా తెలుస్తుంది. ఇరవై రెండేళ్లుగా కొడుతున్నారని కూడా తెలుస్తుంది. పక్క స్కూళ్లవాళ్లు వచ్చి చూసి మెచ్చుకునే ల్యాబ్ ఇది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

ఒక ఉపాయం తట్టింది. అదే ఆమ్లంతో, మళ్లీ ఒకసారి అందరిచేతా చేయిస్తాను. చివరి అభ్యాసం అని చెప్తాను. ఏం వస్తే అది రాయమని గట్టిగా చెప్తాను. కొందరికైనా 9.0 వస్తుంది కదా. అప్పుడు 'అరె, ఏదో తేడా ఉన్నట్టుందే, ఈ అమ్మాయి ముందే చెప్పింది' అని తాపీగా మార్కులు మార్చేస్తాను. ఎవరి పరువూ పోదు. నత్తకి పై ల్యాబ్‌లో బల్ల దొరుకుతుంది.

ఇవాళ కాస్త అన్నం సహించింది.

మార్చి 10

రాయడానికి చేతులాడటం లేదు, అయినా రాస్తాను.

అందరూ వచ్చారు. "ఎవరి రికార్డూ చూడొద్దు. మీ కంటికి ఏం కనబడితే అది రాయండి" అని రెండుసార్లు చెప్పాను. వాళ్లలో వాళ్లు చూసుకుని నవ్వుకున్నారు. మేడం ప్రతిసారీ అనే మాటే కదా! ఇరవై నిమిషాల్లో కాగితాలు కుప్పపడ్డాయి. 9.8, 9.9, 9.9. ఒకడు మాత్రం ధైర్యం చేసి 9.7తో మొదలుపెట్టాడు. తలుచుకుంటే నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తున్నాయి.

నత్త ఇవాళ కూడా ఆఖరే. నేను నా బల్ల దగ్గర కూర్చుని దాన్నే చూస్తున్నాను. మోకాళ్లు వంచి, కన్ను గీతకు సమంగా పెట్టి, ఊపిరి బిగబట్టి చూస్తుంది అది. నేను చెప్పేది ఎవరైనా వింటారని దాన్ని చూసే నాకు తెలిసింది. గంట కొట్టాక కాగితం తెచ్చి నా చేతికిచ్చింది.

9.8, 9.9, 9.9.

మొదటిది కాస్త తేడాగా. తర్వాతి రెండూ ఒక్కటిగా.

లేచి దాని బల్ల దగ్గరికి వెళ్లాను. బ్యూరెట్ ఇంకా ఖాళీ చేయలేదు. క్షారం తొమ్మిది గీత మీద నిలబడి ఉంది. ఫ్లాస్కులో లేత గులాబీ.

"ఇక్కడ తొమ్మిది ఉంది కదే."

"అవును మేడం."

"మూడుసార్లూ ఇంతే వచ్చిందా?"

"అవును మేడం."

"మరి ఇలా రాశావేంటి?"

అది నన్ను వింతగా చూసింది. పొగరూ లేదు, ఏడుపూ లేదు. తెలిసిన సంగతే ఎందుకు అడుగుతున్నానా అన్నట్టు చూసింది.

"పై ల్యాబ్‌కి వెళ్లాలి కదా మేడం" అంది. బ్యూరెట్ విప్పి, కడిగి, తలకిందులుగా స్టాండుకు బిగించి, సంచి తగిలించుకుని వెళ్లిపోయింది.

మార్చి 11

అబద్ధం ఆడటం దానికి రాదన్నాడు వాళ్ల నాన్న. మూడు వారాల్లో నేర్పేశాను.

మార్చి 12

హెడ్మాస్టరు గదికి వెళ్లాను. జాడీ, పట్టీ, తొమ్మిది, ఎర్ర సిరా, మొన్నటి నా ఉపాయం, అన్నీ చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకుని, మళ్లీ తీశాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? ఆ పిల్ల తండ్రి కూడా ఊరుకున్నాడు. ఆరును ఇరవై ఆరు చేసెయ్యండి, లెక్క తప్పానని రాయండి. అయిపోతుంది."

"మార్కులు ఇస్తే సరిపోదు సార్. అది అంకెలు అల్లడం నేర్చుకుంది, నేనే నేర్పాను."

"అందుకని ముప్పై ఒక్కమందిని దొంగల్ని చేస్తారా?"

"వాళ్లను చేసింది కూడా నేనే సార్. నాకు ఏ అంకె ఇష్టమో వాళ్లకు తెలుసు, అదే తెచ్చి ఇచ్చారు."

చాలాసేపు గోడ మీది టైమ్‌టేబుల్ చూశాడు. మెమో ఇవ్వాల్సి వస్తుందన్నాడు. ఇవ్వమన్నాను. కొత్త పరీక్షకు ద్రావణం పక్క స్కూలు టీచరు తయారుచేయాలి, నేను ముట్టుకోకూడదన్నాడు. అది మాత్రం గుచ్చుకుంది. ఇరవై రెండేళ్లు, హెడ్మాస్టరుగారూ, ఇరవై రెండేళ్లు. పైకి అనలేదు.

మార్చి 13

జాడీని క్లాసుకు మోసుకెళ్లాను. సీసాలాయన ఒక పక్క, నేనొక పక్క. ఫస్టు ర్యాంకు కుర్రాడిచేత కొలసీసాతో నీళ్లు పోయించాను. పిల్లలు గట్టిగా లెక్కపెట్టారు. ఐదు లీటర్లయ్యాయి. నీళ్లు పట్టీకి రెండు వేళ్ల కింద ఉన్నాయి.

"పట్టీ ఇక్కడ వేయించింది నేను. కొలవకుండా వేయించాను. ఆమ్లం పలచబడింది. కాబట్టి పరీక్షలో రావాల్సింది 9.0. మీలో ఒక్కరే అది రాశారు. ఆ ఒక్కరినీ నేను అబద్ధాలకోరు అన్నాను."

ఫస్టు ర్యాంకు కుర్రాడు కొలసీసా చేత్తో పట్టుకునే, పాపం, నిజంగానే అర్థంకాక అడిగాడు.

"మరి మాకు 9.9 ఎలా వచ్చింది మేడం?"

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఒక్కొక్కరే రికార్డులు మూసేస్తున్నారు. వాడి మొహం మెల్లగా ఎర్రబడింది. కూర్చోరా అన్నాను. వాణ్ని తిట్టే మొహం నాకు లేదు.

నత్తను పుస్తకం తెమ్మన్నాను. అందరి ముందూ ఆ మాటను అడ్డంగా కొట్టేసి, కింద 'తప్పు టీచరుది. ఈ అంకెలు నిజం' అని రాసి సంతకం పెట్టాను. ఎర్ర సిరాతోనే.

"నన్ను క్షమించు" అన్నాను.

"పర్లేదు మేడం" అంది. ఫ్యాను ఆపమంటే ఆపి వచ్చినంత మామూలుగా అంది. తిట్టినా బాగుండేది.

మార్చి 19

పక్క స్కూలు టీచరు ద్రావణంతో పరీక్ష జరిగింది. ఆవిడ దిద్దింది, నన్ను గది బయట కూర్చోబెట్టారు. నా ల్యాబ్ బయట నేను, క్లాసు బయట నిలబెట్టిన పిల్లలాగా! ఎవరి రికార్డులోనూ లేని అంకె కావడంతో పిల్లలు నిజంగానే చుక్కలు లెక్కపెట్టారట, గంటన్నర పట్టిందట. అందరూ నత్తలయ్యారు ఇవాళ.

తలుపు సందులోంచి చూశాను. చూడకూడదు, చూశాను. నత్త మూడోసారి రీడింగు తీశాక కలం పట్టుకుని చాలాసేపు ఆగింది. పక్క బల్లవైపు తల తిప్పింది. ఆ పిల్ల పక్కకు చూడటం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత ఏదో రాసింది.

జాబితాలో తొమ్మిదో పేరు దానిదే. ఫస్టు ర్యాంకు కుర్రాడిది పదహారో పేరు. ముందు మార్కుల ప్రకారం జాబితాలో ఉండాల్సిన నలుగురు పోయారు. వాళ్ల తల్లిదండ్రులు వచ్చి నన్ను అనరాని మాటలన్నారు. నిలబడి విన్నాను. మెమో కూడా వచ్చింది, అల్మారాలో పెట్టాను.

"పిల్లకు సీటొచ్చిందిగా, ఇంకా ఎందుకే ఆ కాళ్లు ఊపడం?" అంది అమ్మ.

అది పక్కకు చూసిందమ్మా అంటే, ఆవిడకేం అర్థమవుతుంది?

జూన్ 14

పై ల్యాబ్ మొదటి రోజు. పదహారు మంది, పదహారు బల్లలు.

పేరులేని పొడులు ఈసారి సీసాలాయన్ను ఎంచమన్నాను. ఏ పొట్లంలో ఏముందో కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోమన్నాను, నాక్కూడా చెప్పొద్దన్నాను. "మీక్కూడానా?" అని నోరు తెరిచాడు. నాక్కూడా అన్నాను. రిటైరయ్యే ముందు ఇదొక పదవి అనుకున్నాడేమో, పొద్దుటినుంచి జేబు తడుముకుంటూ తెగ మురిసిపోతున్నాడు.

సగం పీరియడ్ అయ్యాక నత్త నా బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో పరీక్షనాళిక, అడుగున తెల్లటి మడ్డి.

"మేడం, ఇది ఏం రావాలి?"

పోయినేడంతా అది నన్ను ఒక్కసారి కూడా అలా అడగలేదు.

"నాకు తెలీదు."

"నిజంగానా?"

"ఒట్టు. తెలిసింది సీసాలాయనకే. ఆయన చెప్పడు."

కిటికీ దగ్గర సీసాలాయన జేబు గట్టిగా పట్టుకున్నాడు. అది ఆయన్ను చూసింది. తర్వాత కాస్త వంగి, ఇదివరకు బ్యూరెట్ గీతను చూసినట్టు నా మొహంలోకి చూసింది. నేను కదల్లేదు. చూడనీ, అబద్ధముంటే పట్టుకోనీ అనుకున్నాను.

"అయితే మళ్లీ మొదట్నుంచి చేస్తాను" అంది.

గంట కొట్టారు. అందరూ వెళ్లారు. నత్త స్టూలు మీద వెనక్కి జరిగి, నాళికను వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. నేను దాని పొట్లంలోంచి ఓ చిటికెడు అడిగి తీసుకుని, పక్క బల్ల మీద స్పిరిట్ దీపం వెలిగించాను. నాకూ తెలియదు కదా మరి. ఎన్నేళ్లయిందో, జవాబు తెలియకుండా ఒక పని మొదలుపెట్టి.

సీసాలాయన తలుపు దగ్గర తాళాలు గలగలలాడించాడు.

"ఇంకాసేపు" అన్నాం ఇద్దరం.